జోధ్‌పుర్ డాబా మీద సోలార్: 50 వేలు దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: మాది అనంతపురం. మావారి ఉద్యోగం వల్ల పన్నెండేళ్లుగా జోధ్‌పుర్‌లో ఉంటున్నాం. ఇక్కడే ఇల్లు కట్టుకున్నాం. నిరుడు డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 1.90 లక్షలు అయింది, 78 వేలు సబ్సిడీ వచ్చింది. మొన్న మేలో ఇసుక దుమారానికి పక్కింటివాళ్ల ప్యానెళ్లు రెండు ఎగిరి పడ్డాయి. అప్పటినుంచి గాలి వీస్తే నిద్ర పట్టడం లేదు. ఒకాయన 38 వేలకు పైన పారదర్శక షీటు వేస్తామంటున్నారు. ఏడాదికి 9 వేలు ఇస్తే నెలకు రెండుసార్లు కడుగుతామని కూడా అంటున్నారు. చేతిలో 50 వేలు ఉన్నాయి. రెండూ చేయించమంటారా? (ఓ పాఠకురాలు)

జవాబు: రెండూ వద్దమ్మా. మీ భయం నిజమైనదే, కానీ ఆ రెండు ఖర్చులూ దాన్ని తీర్చవు.

ముందు మీ డాబా సంపాదన ఎంతో చూద్దాం. అక్కడి ఎండకు కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగున్నర యూనిట్లు వేసుకున్నా, 3 కిలోవాట్లకు నెలకు 400 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే ఏడాదికి 33 వేల పైచిలుకు. మీ బిల్లులో రేటు వేరుగా ఉంటే ఆ అంకె వేసి చూసుకోండి. దుమ్ము పట్టి ఉత్పత్తి పది శాతం తగ్గిందనుకోండి, పోయేది 3,300. దాన్ని కాపాడుకోవడానికి 9 వేలు ఇవ్వడం గిట్టుబాటు కాదు. షీటు మరీ నష్టం. అది నూటికి పదిహేను పాళ్ల వెలుగు ఆపినా ఏటా 5 వేలు పోతాయి. పైగా కింద వేడి నిలుస్తుంది, షీటు మీదా అదే దుమ్ము పడుతుంది, పెద్ద గాలికి మొదట లేచిపోయేది ఆ షీటే.

ఫలోదీ దగ్గరి భడ్లా సోలార్ పార్కు 2,245 మెగావాట్లది. ప్యానెళ్ల మీద షీట్లు కప్పి ఎడారిని ఆపాలని అక్కడ చూడరు. నీళ్లు అరుదు కాబట్టి బ్రష్షులున్న యంత్రాలతో పొడిగానే దుమ్ము దులుపుతారు. మీ ఇంటికి మెత్తటి బ్రష్షు, పొడవాటి కర్ర, ఒక బకెట్ చాలు. పది రోజులకోసారి తెల్లవారుజామున, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు తుడవండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. చలికాలంలో మంచు పడి దుమ్ము గట్టిపడుతుంది, దాన్ని పొడిగా గీకకుండా తడిపి నానబెట్టాలి. బోరు నీళ్లు తెల్ల మరకలు వదులుతాయి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు అసలే వాడకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ. డాబా అంచుల్లో పిట్టగోడ లేకపోతే మాత్రం మీరు ఎక్కొద్దు, మనిషిని పిలిపించి చేయించండి.

ఎండ సంగతి. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ మూడో వంతు శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నాలు 13 శాతం దాకా పోతుంది. అది లోపం కాదు, దానికి ఎవరు ఏ పరికరం అమ్మినా కొనకండి. ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్‌ను మాత్రం ఎండలో ఉంచకండి. డాబా మీద ఉంటే ఉత్తరపు గోడకు మార్పించండి, లేదా గాలి ఆడేలా చిన్న నీడ కట్టించండి.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని గాలి. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం జోధ్‌పుర్‌కు సెకనుకు 47 మీటర్లు, అంటే గంటకు దాదాపు 170 కిలోమీటర్ల వేగం లెక్కలోకి తీసుకోవాలి. మీ ఫ్రేము దానికి సరిపోయేలా కట్టారా అని పెట్టిన సంస్థను అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. కాళ్లు స్లాబులోకి బోల్టులతో దిగాయా, ఊరికే సిమెంటు దిమ్మెల మీద నిలబెట్టారా చూడండి. సబ్సిడీ పథకం కింద పెట్టిన సంస్థ ఐదేళ్లు నిర్వహణ చూడాలి. కాబట్టి ఏటా ఏప్రిల్‌లో వాళ్లనే పిలిపించి ప్యానెళ్లను ఫ్రేముకు పట్టి ఉంచే ప్రతి క్లాంపూ బిగింపించండి. అదనపు బోల్టులకు, పిడుగుల నుంచి కాపాడే సర్జ్ పరికరానికి, ఎర్తింగ్ పరీక్షకు మీ 50 వేలలోంచి 10 వేల దాకా పక్కన పెట్టండి. ఖర్చు చేయాల్సిన చోటు ఇదే.

చాలామంది పొరబడేది వారంటీ దగ్గర. 25 ఏళ్ల వారంటీ ఉందిగా అని ధైర్యంగా ఉంటారు. ప్యానెల్ ఇచ్చే కరెంటు కాలక్రమంలో మరీ తగ్గకూడదన్న హామీ అది. గాలికి ఎగిరితే, వడగళ్లకు పగిలితే వర్తించదు. ప్యానెళ్లను ప్రయోగశాలలో 25 మిల్లీమీటర్ల మంచు గుళికతో పరీక్షిస్తారు. నిమ్మకాయంత వడగళ్లు పడితే ఆ పరీక్ష ఆసరా కాదు. అలాంటి అరుదైన పెద్ద దెబ్బకే బీమా. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో పిడుగు, తుపాను, గాలివాన నష్టాలు ఉన్నాయి. ఇంటితోపాటు సోలార్ వ్యవస్థ కూడా చేరిందని, వడగళ్లకూ వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. ఇల్లంతటికీ కలిపి ప్రీమియం ఏటా కొన్ని వేలకు మించదు. సబ్సిడీ పోగా మీకు పడిన 1.12 లక్షలు కాదు, మళ్లీ పెట్టించాలంటే అయ్యే 1.90 లక్షలు లెక్కలో ఉండాలి. రెండోసారి సబ్సిడీ వస్తుందని నమ్ముకోకండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, బిల్లు, డాబా ఫొటోలు ఇవాళే ఫోన్‌లోనూ ఈమెయిల్‌లోనూ దాచండి. నష్టం జరిగితే బీమా కంపెనీ పంపే సర్వేయర్ వచ్చేదాకా ముక్కలు తీయకండి.

ఇన్వర్టర్ ఎప్పటికైనా మార్చాల్సిందే. నెలకు 300 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఆరున్నర శాతం వడ్డీ అనుకుంటే ఏడేళ్లకు 31 వేలు దాటుతుంది. మిగిలిన డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. ఈ వారంలో మొదటి పని, సంస్థకు ఫోన్ చేసి క్లాంపులు చూపించడం.