కిడ్నీ మార్పిడి అయింది, జీతం పెరిగితే ఈఎస్ఐ పోతుంది... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తున్నాను. జీతం 19,000. 2018లో కిడ్నీ మార్పిడి జరిగింది, మందులు ఈఎస్ఐలోనే ఇస్తున్నారు. కరోనా అప్పుడు బయట తిరగొద్దని డాక్టర్ చెబితే రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాను. జీతం రాలేదు, బంగారం తాకట్టు పెట్టాం. మళ్లీ అలాంటి రోజులొస్తే ఎలా అని టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు జీతం 22,000 చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

జవాబు: సంతకం పెట్టే ముందు కాస్త ఆగండి అమ్మా. ఈఎస్ఐ జీతం పరిమితి 2017 జనవరి నుంచి 21,000. అది దాటితే మీ మందులతో పాటు జబ్బు చేసినప్పుడు చేతికందే డబ్బు కూడా ఆగిపోతుంది.

2020లో మీకు జీతం రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. జబ్బులతో చికిత్స తీసుకుంటున్న కేంద్ర ప్రభుత్వ సిబ్బందికి వీలైనంత వరకు ఆఫీసు డ్యూటీ నుంచి మినహాయింపు ఇవ్వాలని ఆ ఏడాది మేలో ఉత్తర్వు వచ్చింది. ప్రైవేటులో పనిచేసే మీలాంటివారికి అది వర్తించలేదు. లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం ఇవ్వాలన్న మార్చి 29 నాటి కేంద్ర హోంశాఖ ఆదేశం కూడా మే 18 నుంచి అమల్లో లేకుండా పోయింది. యాజమాన్యాలు, కార్మికులు మాట్లాడుకుని తేల్చుకోవాలని జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ఉన్న మనిషి యజమానితో ఏం మాట్లాడుకోగలుగుతుంది?

ఈఎస్ఐలో ‘రిస్క్ ఉంది’ అన్న కారణం ఒక్కటే సరిపోదు. చికిత్స అవసరమై, వైద్య కారణాలతో పనికి వెళ్లలేని స్థితి ఉండాలి. కాబట్టి ఈసారి అలాంటి పరిస్థితి వస్తే నోటిమాటతో ఇంట్లో ఉండిపోకండి. మొదటి రోజే ఈఎస్ఐ డిస్పెన్సరీకి మీ మార్పిడి కాగితాలు పంపించి, పనికి వెళ్లకూడదన్న సర్టిఫికెట్ అడగండి. అది ఇస్తే, ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉన్నవారికి సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. మీ జీతానికి నెలకు 13,300 దాకా. మొదటి రెండు రోజులకు మామూలుగా ఇవ్వరు. ఈ డబ్బు తీసుకుంటున్న కాలంలో యాజమాన్యం ఉద్యోగం నుంచి తీసేయకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఈఎస్ఐ చట్టంలో ఉండేది. దీర్ఘకాల జబ్బుల జాబితాలో కిడ్నీ వైఫల్యం ఉంది. అర్హత ఉంటే 91 రోజుల తర్వాత కూడా 80 శాతం చొప్పున ఇస్తారు.

ఇక జీతం విషయం. బయటి మెడికల్ షాపులో మీ నెల మందులు ఎంతవుతాయో ఈరోజే కనుక్కోండి. మార్పిడి తర్వాత జీవితాంతం వాడాల్సిన మందులవి. పెరిగే 3,000 వాటికే చాలకపోవచ్చు. కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీ ఇస్తామంటే సంతోషమే, కానీ అలాంటివి ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయో మీరు చూపించుకునే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. అయితే అది వైద్యానికే, పోయిన జీతానికి కాదు.

అందుకే 22,000 వద్దు, ప్రస్తుతానికి 21,000 చాలని అడగండి. 21,000 వరకు ఈఎస్ఐ ఉంటుంది. ఓవర్‌టైమ్ ఆ పరిమితిలోకి రాదు. చేతికి వచ్చే అదనంలో నెలకు 1,500 బ్యాంకులో ఆర్‌డీ వేయండి. మూడు నెలల ఇంటి ఖర్చు పోగయ్యేదాకా ముట్టుకోవద్దు. ఫ్యాక్టరీలో ప్రతి 20 పనిరోజులకు ఒకటి చొప్పున వచ్చే ఎర్న్‌డ్ లీవులను 30 దాకా తర్వాతి ఏడాదికి మళ్లించుకోవచ్చు. వాటికి పూర్తి జీతం వస్తుంది, పండగలకు వాడేయకండి. పీఎఫ్‌లో అనారోగ్యానికి అడ్వాన్సు ఉంది గానీ దాన్ని చివరికి ఉంచుకోండి.

22,000 తప్పదంటే ఏ నెల నుంచి అన్నది ముఖ్యం. ఏప్రిల్ 1 నుంచి పెంచితే ఆ రోజే ఈఎస్ఐ చందా ఆగుతుంది. మే నుంచి పెంచితే సెప్టెంబరు 30 దాకా కొనసాగుతుంది, ఆ చందాలకు వచ్చే ప్రయోజనం తర్వాతి ఏడాది జనవరి నుంచి జూన్ వరకు ఉంటుంది. హెచ్‌ఆర్‌ను ఈ ఒక్క నెల తేడా గురించి తప్పకుండా అడగండి.