షార్ట్ రెస్ట్ తర్వాత అన్ని స్లాట్లూ ఎందుకు రాలేదంటే

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆటలో షార్ట్ రెస్ట్ (చిన్న విరామం) తీసుకున్నా మీ స్లాట్లన్నీ, అంటే స్పెల్స్ (మంత్రాలు) వేసే అవకాశాలన్నీ, తిరిగి రావని డీఎం (ఆట నడిపే వ్యక్తి) అన్నారని, ఎందుకని అడిగారు. రెండు రకాల స్లాట్లనూ ఒకే ఖాతాలో వేశారు, చిక్కు అక్కడే వచ్చింది. ఈ ఆట ఐదో ఎడిషన్‌లో గంట షార్ట్ రెస్ట్‌కి మీ 8 స్లాట్లూ తిరిగి రావు. మీ డీఎం చెప్పింది సరైన రూలే.

మీ పాత్ర విజార్డ్ లెవెల్ 3, వార్లాక్ లెవెల్ 2 (రెండూ మంత్రాలు వేసే క్లాసులు) అన్నారు కాబట్టి మీ పాత్ర షీట్ మీద ఇలా విడదీసి రాసుకోండి:

1. విజార్డ్ స్లాట్లు: మొదటి లెవెల్‌వి 4, రెండో లెవెల్‌వి 2. ఇవన్నీ నిండాలంటే లాంగ్ రెస్ట్ (పెద్ద విరామం) కావాలి.

2. వార్లాక్ స్లాట్లు: మొదటి లెవెల్‌వి 2. షార్ట్ రెస్ట్‌కే రెండూ వచ్చేస్తాయి.

3. చాలామంది వదిలేసేది ఆర్కేన్ రికవరీ, అంటే కొన్ని స్లాట్లు వెనక్కి తెచ్చుకునే విజార్డ్ సామర్థ్యం. రోజుకు ఒకసారి, షార్ట్ రెస్ట్ ముగియగానే వాడుకోవచ్చు. విజార్డ్ లెవెల్‌లో సగం తీసి, భిన్నం వస్తే పై అంకె వేసుకోవాలి. 3లో సగం 1.5, అంటే మీకు మొత్తం 2 లెవెల్స్ విలువైన స్లాట్లు. దాంతో రెండో లెవెల్ స్లాట్ ఒకటి గానీ, మొదటి లెవెల్‌వి రెండు గానీ వెనక్కి తెచ్చుకోవచ్చు. మొత్తం లెవెల్ 5లో సగం తీయకండి, వార్లాక్ లెవెల్స్ ఇందులో కలవవు. వాడుతున్నానని డీఎంకి మీరే చెప్పాలి.

వార్లాక్ స్లాట్‌తో విజార్డ్ స్పెల్ కూడా వేయొచ్చు. షార్ట్ రెస్ట్ దొరికేలా ఉంటే షీల్డ్ లాంటి స్పెల్స్ ముందు వాటితోనే వేయండి.