రంగంలో చుట్టాలు, విశాఖలో మనం: పాఠకుల ప్రశ్నలు

మయన్మార్ (పాత బర్మా, మనవాళ్ళ నోట "రంగం") అంతర్యుద్ధం గురించి, అక్కడి తెలుగు కుటుంబాల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. పేర్లు కావాలనే వేయలేదు. కారణం రెండో జవాబులో ఉంది.

ప్రశ్న: మా చిన్నాన్నగారి మనవడికి ఇరవై మూడేళ్ళు. యాంగోన్‌లోనే పుట్టి పెరిగాడు. సైన్యంలో చేరమని ఎప్పుడు పిలుపొస్తుందోనని మా పిన్నికి నిద్ర లేదు. ఇక్కడికి వచ్చెయ్యమంటే వాడు "పుట్టిన దేశాన్ని కష్టంలో వదిలి పోనా?" అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
- ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: వాడి మాట కొట్టిపారేసేది కాదమ్మా. కాకపోతే అక్కడిప్పుడు ఎవరికి వారే "దేశమంటే మేమే" అంటున్నారు. 2021 ఫిబ్రవరి 1న అధికారం లాక్కున్న సైన్యానిదీ అదే మాట, ఆ ఏప్రిల్లో దానికి పోటీగా ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వానిదీ అదే మాట. 2023 అక్టోబర్ 27న షాన్ రాష్ట్రంలో కలిసి దాడికి దిగిన మూడు సాయుధ దళాలకైతే ముందు తమ జాతి, తమ నేల. ఇందులో తెలుగువాడిని తన వాడని చెప్పుకునే జట్టు ఏదీ లేదు. కాబట్టి వెళ్ళాలా, ఉండాలా అన్నది వాడే తేల్చుకోవాలి. మీరు చెయ్యగలిగింది కాగితాలు సిద్ధం చేయించడం.

2010లో చేసిన నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని 2024 ఫిబ్రవరి 10న అమల్లోకి తెచ్చారు. మగవాళ్ళకు 18 నుంచి 35 ఏళ్ళు, ఆడవాళ్ళకు 18 నుంచి 27. డాక్టర్లు, ఇంజనీర్ల వంటివారికి ఈ పైవయసు 45, 35. సేవ మామూలుగా రెండేళ్ళు. అత్యవసర పరిస్థితిలో ఐదేళ్ళ దాకా పొడిగించవచ్చు. ఎగ్గొడితే మూడు నుంచి ఐదేళ్ళ జైలు. చదువుకుంటున్నవాళ్ళకు, ముసలి తల్లిదండ్రులను చూసుకోవలసినవాళ్ళకు, ఆరోగ్యం బాగోలేనివాళ్ళకు వాయిదా దొరుకుతుంది. అయితే వాయిదా అంటే మినహాయింపు కాదు. పిలుపు జాబితా వార్డు అధికారి దగ్గరున్న ఇంటి నమోదు పత్రం నుంచే తయారవుతుంది గనక, అందులో వయసు, చదువు, తల్లిదండ్రుల వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోమనండి. పేరు తీయిస్తామని డబ్బు అడిగేవాడిని నమ్మొద్దు. పిలుపులు విడతలవారీగా వస్తాయి, ఈ విడతలో తప్పిన పేరు పైవిడతలో ఉండొచ్చు.

వాడు రావడానికే నిశ్చయించుకుంటే విమానంలో, వీసాతో రావాలి. సరిహద్దు ఊరు తమూ దాటి మణిపూర్లోని మోరే మీదుగా తెస్తాననే ఏజెంటు మాట అసలు వినొద్దు. సరిహద్దు పాస్ సదుపాయం సరిహద్దుకు దగ్గరగా ఉండేవాళ్ళకే, యాంగోన్ వాడికి అది వర్తించదు. భారత సంతతివారికి ఎంట్రీ వీసా అని వేరే ఉంది. దానికి తాతముత్తాతల భారతీయ కాగితం కావాలి. టూరిస్టు వీసా మీద వచ్చి ఇక్కడే ఉండిపోదామనుకోవద్దు. మీ ఇంట్లో దిగిన 24 గంటల్లోగా మీరు ఆన్‌లైన్లో విదేశీయుల బస వివరాల ఫారం (ఫారం-సి అని పిలిచేది) నింపాలి. హోటల్ వాళ్ళకే అనుకుని చాలామంది దీన్ని వదిలేస్తారు. వీసా గడువు దాటి ఉంటే 2025 నాటి వలస, విదేశీయుల చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. శరణార్థుల గురించిన 1951 ఒడంబడికలో మన దేశం లేదు. తాతది శ్రీకాకుళం అని ఎంత చెప్పినా అధికారి చూసేది పాస్‌పోర్టునే.

ప్రశ్న: అక్కడి సైన్యం దాడుల గురించి ఫేస్‌బుక్‌లో రాసి, యాంగోన్‌లో ఉన్న మా మావయ్యని ట్యాగ్ చేశాను. ఆయన ఫోన్ చేసి తిట్టి, నన్ను బ్లాక్ చేశాడు. సొంత దేశం మీద ప్రేమ లేదా, లేక పిరికితనమా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: రెండూ కాదు. ఆయన చేతిలో ఉన్న కార్డు ఏ రంగో ముందు తెలుసుకోండి. 1982 పౌరసత్వ చట్టం ప్రకారం పూర్తి పౌరుడికి గులాబీ కార్డు, సహ పౌరుడికి (అసోసియేట్ సిటిజన్) నీలం, పౌరసత్వం పొందినవాడికి ఆకుపచ్చ. 1823కి ముందు నుంచి అక్కడున్న జాతులవాళ్ళు పుట్టుకతోనే పూర్తి పౌరులు. కోరంగి, కళింగపట్నం, విశాఖ రేవుల్లో ఓడెక్కి "రంగం పోయిన" మనవాళ్ళు అత్యధికులు ఆ తరవాతవాళ్ళే. అందుకే ఎంతోమందికి నీలం, ఆకుపచ్చ కార్డులు వచ్చాయి. మూడో తరానికి గులాబీ దారి తెరిచే ఉంది గానీ అది ఆఫీసుల చుట్టూ తిరిగితే తెరుచుకునే దారి.

కార్డు నంబరు చూసినా తెలుస్తుంది. మొదటి సంఖ్య ప్రాంతం: 12 అయితే యాంగోన్, 7 బాగో, 10 మోన్. తరవాత టౌన్‌షిప్ పొడి అక్షరాలు. ఆ పక్కన బ్రాకెట్లో ఒక అక్షరం. ఇంగ్లీషులో రాస్తే ఎన్ పూర్తి పౌరుడు, ఇ సహ పౌరుడు, పి పౌరసత్వం పొందినవాడు. ఆ ఒక్క అక్షరం మీదే ఆయన జాగ్రత్త అంతా ఆధారపడి ఉంది. ఎందుకంటే నీలం, ఆకుపచ్చ కార్డులవాళ్ళు మాటతో గానీ చేతతో గానీ రాజ్యం పట్ల అవిధేయత చూపారంటే పౌరసత్వం రద్దు చేయవచ్చని ఆ చట్టంలోనే రాసుంది. విధేయత అక్కడ మనసుకు సంబంధించిన సంగతిగా మిగల్లేదు, సెక్షన్లలోకెక్కింది. ఇక ఏ కార్డు ఉన్నా, భయం పుట్టించారనో అబద్ధపు వార్త రాశారనో శిక్షాస్మృతి 505-ఎ కింద మూడేళ్ళ దాకా లోపల పెట్టొచ్చు. ఫేస్‌బుక్‌ను 2021 ఫిబ్రవరిలోనే ఆపేశారు. వీపీఎన్ మీద తెరుస్తారు. చెక్‌పోస్టు దగ్గర ఫోన్ తీసి చూస్తే మీ ట్యాగే సాక్ష్యం.

ఇప్పుడు చెయ్యాల్సింది: ట్యాగ్ తీసెయ్యండి, స్నేహితుల జాబితా ఎవరికీ కనబడకుండా పెట్టండి. ఆయన, ఆయన పిల్లలు, వాళ్ళ ఇంటి ముందు భాగం, వీధి బోర్డు ఉన్న ఫొటోలన్నీ తీసెయ్యండి. మెసేజీలు 24 గంటల్లో వాటంతటవే పోయేలా పెట్టుకోండి. ఫోన్లో "ఎవరు గెలుస్తున్నారు?" అని అడగొద్దు. "కూరేం వండారు?" చాలు, గొంతు వింటేనే క్షేమం తెలిసిపోతుంది. అక్కడి గడియారం మనకంటే గంట ముందు, మన రాత్రి ఎనిమిది వాళ్ళకి తొమ్మిది. కరెంటు వంతులవారీగా వస్తుంది కాబట్టి ఏ వేళ ఉంటుందో అడిగి అప్పుడే చెయ్యండి. యుద్ధం గురించి రాయాలనిపిస్తే నిక్షేపంలా రాయండి, చుట్టరికం మాత్రం బయటపెట్టకండి.

ప్రశ్న: బాగోలో ఉన్న మా మేనత్తకి డబ్బు పంపితే నెల తరవాత వెనక్కి వచ్చింది. ఎందుకు?
- ఒక పాఠకురాలు, మల్కాపురం

జవాబు: బహుశా చిక్కు పేరు దగ్గరే వచ్చుంటుంది. బర్మీయులకు ఇంటిపేర్లు ఉండవు. పేరు ముందుండే ఊ, డో, కో, మ అన్నవి మన "గారు" లాంటివి. మీరు డో కలిపి రాసి, ఖాతాలో అది లేకపోతే (లేదా మీరు తెలుగు పేరు రాసి ఖాతా బర్మా పేరుతో ఉంటే) బ్యాంకు ఆపేస్తుంది. ఖాతా పుస్తకం ఫొటో తెప్పించుకుని అక్షరం అక్షరం దించండి. పైగా 2022 అక్టోబర్లో అంతర్జాతీయ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ మయన్మార్‌ను నల్లజాబితాలో పెట్టింది, కాబట్టి మధ్యలో డాలర్లు మార్చే బ్యాంకు ప్రతిదీ తవ్వి చూస్తుంది. పాన్, ఫారం ఏ2 (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు), కుటుంబ పోషణ కోడ్ ఎస్1301, చుట్టరికం చూపే కాగితం ముందే ఇవ్వండి.

హుండీ, అంటే బ్యాంకుతో పనిలేకుండా మధ్యవర్తి ద్వారా డబ్బు చేర్చే పద్ధతి ఊసు ఎవరైనా ఎత్తుతారు. అక్కడా దాన్ని హుండీ అనే అంటారు. ప్రభుత్వం 2022 ఆగస్టులో డాలరుకు 2,100 క్యాట్లని (అక్కడి డబ్బు) రేటు పెట్టింది, బయట దానికి రెట్టింపు పలికింది, అందుకే ఆశ. కానీ మన విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద పంపినదానికి మూడు రెట్ల దాకా జరిమానా పడుతుంది.

ప్రశ్న: 1964లో దుకాణాలు జాతీయం చేశాక మా తాతగారు ఓడలో తిరిగొచ్చారు. ఆయన ఎమర్జెన్సీ సర్టిఫికెట్ (పాస్‌పోర్టుకు బదులు ఇచ్చిన ప్రయాణ కాగితం) చీకిపోతోంది. లామినేషన్ చేయించనా?
- ఒక పాఠకుడు, బర్మా క్యాంపు

జవాబు: వద్దు. వేడికీ జిగురుకీ పాత సిరా అలికిపోతుంది, మళ్ళీ విడదీయలేరు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి రెండు మూడు రోజులు బరువు పెట్టండి. పాత సెల్లోటేపు పీకొద్దు. తరవాత పాలియెస్టర్ కవర్లో ఉంచండి. పీవీసీ కవర్ సిరాను లాగేస్తుంది. సముద్రపు తేమకి బూజు పట్టకుండా డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. వెనక్కి తిప్పి కూడా 600 డీపీఐలో స్కాన్ చేయించండి, ముద్రలు ఎక్కువగా వెనకే ఉంటాయి.

ఇంకో మాట. అందులో జిల్లా "వైజాగపటం" అని ఉండి మీ ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటే అది తప్పు కాదు. శ్రీకాకుళం 1950లో విడిపోయింది, విజయనగరం 1979లో. 1936కి ముందు కాగితమైతే గంజాం అని కూడా ఉండొచ్చు, శ్రీకాకుళాన్ని చికాకోల్ అని రాసుండొచ్చు. అక్కడి చుట్టాల ఎంట్రీ వీసా కోసం ఈ కాగితం వాడితే, దరఖాస్తులో ఈ తేడా చూపిస్తూ జిల్లా విభజన సంవత్సరం ఒక వాక్యంలో రాసి జతపరచండి.