ఫ్రెండ్స్ వాళ్ల బాబు 7వ గ్రేడ్‌లోనే ఆల్జీబ్రా, మావాడు 8లో: స్కూల్ మార్చాలా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లానోలో ఉంటున్నాం. మా బాబు పబ్లిక్ స్కూల్లో 6వ గ్రేడ్, అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్. 8లో ఆల్జీబ్రా 1 ఉంటుందన్నారు. మా ఫ్రెండ్స్ వాళ్ల బాబుకి ప్రైవేట్ స్కూల్లో వచ్చే ఏడే, అంటే 7లోనే మొదలుపెడుతున్నారు. మావాడిని కూడా ప్రైవేట్‌కు మార్చమంటారా? ఇప్పటికే లేటయిందేమోనని నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి)

జవాబు: లేటు కాలేదమ్మా. ముందు ఈ ఒక్క మాట నమ్మండి, మిగతాది నెమ్మదిగా చదువుదురు గాని.

మీ ప్రశ్నను పైన కుదించి వేశాను. అసలు మెయిల్‌లో ఫ్రెండ్స్ వాళ్ల అబ్బాయి చదువు గురించే మూడు పేరాలున్నాయి. మీవాడి గురించి ఒక్కటే వాక్యం: ‘లెక్కలంటే ఇష్టమే కానీ కొంచెం స్లో.’ ఆ ‘స్లో’ అనే మాట వాడు వింటుండగా ఎన్నిసార్లు అన్నారు? మీకు కోపం వచ్చినా సరే, అడగక తప్పదు. లెక్కలంటే ఇష్టం ఉన్న పిల్లాడికి ఆ ఇష్టం పోగొట్టేది సిలబస్ కాదమ్మా, భోజనాల దగ్గర మనం అనే ఇలాంటి మాటలే.

మీ కంగారు ఎక్కడినుంచి వస్తోందో నాకు తెలుసు. మన స్టేట్ సిలబస్‌లో 6వ తరగతిలోనే ఎక్స్, వై పరిచయమవుతాయి. ఇక్కడేమో 8 అంటున్నారు, 9 అంటున్నారు. అయితే మనకు అది ఒక్క ఏడాదిలో రాలేదు. 8లో ఒక చరరాశితో సమీకరణాలు, 9లో రెండు చరరాశులతో, 10కి వచ్చాక గానీ వర్గ సమీకరణాలు రాలేదు. ఇక్కడి ఆల్జీబ్రా 1లో ఇదంతా, పైన ఫంక్షన్లు కూడా, ఒక్క ఏడాదిలో పెడతారు. మీవాడు ఇప్పుడు 6లో చేస్తున్న చిన్న చిన్న ఈక్వేషన్లు కూడా ఆల్జీబ్రానే, దానికి ఆ పేరు పెట్టరంతే.

పబ్లిక్, ప్రైవేట్ పోలిక అడిగారు. టెక్సస్‌లో 2023లో ఒక చట్టం చేశారు. 5వ గ్రేడ్‌లో రాష్ట్రమంతా రాసే స్టార్ (STAAR) మ్యాథ్స్ పరీక్షలో టాప్ 40 శాతంలో వచ్చిన పిల్లల్ని స్కూలే 6లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేయాలి, 8కల్లా ఆల్జీబ్రా 1 అందేలా. తల్లిదండ్రుల రాయబారాలు అక్కర్లేదు, వద్దనుకుంటేనే మనం రాసివ్వాలి. మీవాడు ఆ దారిలోనే ఉన్నాడు. ప్రైవేట్ స్కూళ్లకు ఆ చట్టం వర్తించదు, ఎవరి పద్ధతి వారిది. ఒకచోట 7లోనే మొదలుపెడతారు, ఇంకోచోట 1ఏ, 1బీ అని రెండేళ్లకు పంచుతారు. ఆ బాబుది పూర్తి కోర్సా, సగం కోర్సా అని అడిగారా?

మీరు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండి ఉంటే వేరే మాట. అక్కడ 2014లో పబ్లిక్ స్కూళ్లలో 8వ గ్రేడ్ ఆల్జీబ్రా ఎత్తేసి అందరికీ 9లోనే అన్నారు. స్తోమత ఉన్నవాళ్లు బయట కోర్సులు కొనుక్కున్నారు. చివరికి 2024 మార్చిలో ఓటుకు పెడితే 80 శాతానికి పైగా జనం తిరిగి తెమ్మన్నారు. ప్లానోలో మీకు ఆ ఇబ్బంది లేదు.

ఇక 7లో ఆల్జీబ్రా, వేసవి సెలవుల్లో ఆరు వారాల్లో జామెట్రీ ముగించడం, 10కల్లా కాలిక్యులస్ బీసీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కాలిక్యులస్). మన ఇళ్లలో ఇప్పుడు ఇదే పరుగు. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. కొందరు పిల్లలు నిజంగానే ఆ వేగానికి పుట్టినవాళ్లు. వాళ్లను ఎవరూ తోయక్కర్లేదు, పుస్తకం వాళ్లే లాక్కుంటారు. నా బాధంతా తోస్తే వెళ్లే పిల్లల గురించి.

పోయిన ఏడాది ఒక 9వ గ్రేడ్ అమ్మాయి వీడియో కాల్‌లో నా ముందు కూర్చుంది. 7లో ఆల్జీబ్రా 1, ఏ గ్రేడ్. ‘ఒక సంఖ్యలో ముప్పావు వంతు 18. ఆ సంఖ్య 18 కంటే పెద్దదా, చిన్నదా? లెక్క చేయకుండా చెప్పమ్మా’ అన్నాను. పెన్ను అందుకోబోయింది, వద్దన్నాను. కాసేపు ఆలోచించి ‘చిన్నది’ అంది. పెన్ను తీసుకోమన్నాక పది సెకన్లలో 24 అని రాసి, తను రాసినదాన్నే అనుమానంగా చూసింది. ఆల్జీబ్రా 2లో కింద కూడా ఎక్స్ ఉండే భిన్నాలు వచ్చేసరికి ఆగిపోయింది, తనకు లెక్కలు రావని తేల్చేసుకుంది. ఆ పిల్లకు బుర్ర లేక కాదు. భిన్నాలు, నిష్పత్తులు నానాల్సినంత నానకముందే పొయ్యి మీద పెట్టేశారు.

8లో ఆల్జీబ్రా 1 అయితే 9లో జామెట్రీ, 10లో ఆల్జీబ్రా 2, 11లో ప్రీకాలిక్యులస్, 12లో ఏపీ కాలిక్యులస్ (అదీ కాలేజీ స్థాయి కోర్సే). ఇంజినీరింగ్‌కు వెళ్లాలన్నా ఇది చాలు. 9లో మొదలుపెట్టిన పిల్లలు కూడా 10లో జామెట్రీ, ఆల్జీబ్రా 2 కలిపి చదివి అందుకుంటారు.

మిడిల్ స్కూల్లో చేసిన ఆల్జీబ్రా 1కి టెక్సస్‌లో హైస్కూల్ క్రెడిట్ ఇస్తారు. ఆ గ్రేడ్‌ను హైస్కూల్ జీపీఏలో (అన్ని సబ్జెక్టుల గ్రేడ్ల సగటులో) కలుపుతారా లేదా అన్నది డిస్ట్రిక్ట్‌ను బట్టి ఉంటుంది, కనుక్కోండి. టెక్సస్ యూనివర్సిటీ (యూటీ ఆస్టిన్) హైస్కూల్ ర్యాంకును బట్టి నేరుగా ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌ను 2026 ఫాల్ నుంచి క్లాసులో టాప్ 5 శాతానికి కుదించింది. జీపీఏలో కలిపే చోట, పన్నెండేళ్లప్పుడు తొందరపెట్టి తెప్పించిన బీ గ్రేడ్ ర్యాంకు దాకా వెంటాడుతుంది. ఒకవేళ ప్రైవేట్‌లో చేర్చి 9కి మళ్లీ పబ్లిక్‌కు తెద్దామనుకుంటే, ఆ క్రెడిట్ ఒప్పుకుంటారా, ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారా అని మీరు చేర్చబోయే హైస్కూల్ కౌన్సెలర్‌ను ముందే అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.

మార్చకండి అనే నా సలహా. ఫ్రెండ్స్ వాళ్ల అబ్బాయి పేరు ఎత్తకుండా, ఏదో మాటల్లో అడిగినట్టు, ఆ ముప్పావు వంతు ప్రశ్న మీవాడిని కూడా అడగండి. ‘స్లో’గా చెప్పినా తొందరపెట్టకండి. ఏమన్నాడో, ఎందుకలా అన్నాడో వాడి మాటల్లోనే నాకు రాయండి. ఈసారి మూడు పేరాలూ మీవాడి గురించే ఉండాలి.