ముందు ఎగరనివ్వండి, ముస్తాబు తర్వాత

సిమ్యులేటర్‌లో విమానం నడపడం గురించి ఉత్తరాలు ఎప్పుడూ వచ్చేవే. ఈసారి మాత్రం విమానాన్ని సొంతంగా తయారు చేసుకుంటామంటున్న వాళ్లవి ఎక్కువగా ఉన్నాయి. అందుకని ఈ సంచిక వాళ్లకే ఇచ్చేస్తున్నాను. ల్యాండింగ్ ప్రశ్నలు పంపినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

*ప్రశ్న: సిమ్యులేటర్‌లో విమానాలు నడపడం బాగానే వచ్చింది. ఇప్పుడు సొంతంగా ఒక మోడల్ చెయ్యాలని ఉంది. నాకు ఇష్టమైన బోయింగ్ 747తో మొదలుపెడదామని బ్లెండర్ (3డి బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేసుకున్నాను. మొదటి అడుగు ఎక్కడ వెయ్యాలి సార్?*
*— డిగ్రీ విద్యార్థి*

జవాబు: ఆశ మంచిదే, కానీ 747 ఇప్పుడొద్దు. దానికి చక్రాలే 18. 747-400 దాకా అయితే రెక్క వెనక ఫ్లాప్‌లు (తక్కువ వేగంలో విమానాన్ని నిలబెట్టే పలకలు) మూడేసి ముక్కలుగా జారుతూ దిగుతాయి, ముందంచున వేరే పలకలు తెరుచుకుంటాయి. ఇవన్నీ మీరే కదిలించాలి. సగంలో ఆగిపోయిన జంబోలు చాలా చూశాను. అన్నిటికీ ముక్కు మాత్రం చాలా బాగుంటుంది!

సెస్నా 172 తీసుకోండి. 1955లో మొదటిసారి ఎగిరింది, ప్రపంచంలో ఇన్ని తయారైన విమానం మరొకటి లేదు. ఒకటే ఇంజను, చక్రాలు లోపలికి ముడుచుకోవు, ప్రొపెల్లర్ రెక్కల కోణం మారదు. కొలతలు, మాన్యువళ్లు సులువుగా దొరుకుతాయి. అందులోనూ రకాలున్నాయి కాబట్టి ‘172ఎస్’ అని ఒకదాన్ని ఖాయం చేసుకోండి. ఒక రకం కొలతలకు మరో రకం బరువులు కలిపితే చివరికి అది ఏ విమానమూ కాదు.

ఈ పనిలో మూడు భాగాలున్నాయి. కంటికి కనిపించే ఆకారం, గాలిలో ఎలా ప్రవర్తించాలో చెప్పే ఫ్లైట్ మోడల్, ఈ రెంటినీ కలిపి మీటర్లూ మీటలూ పనిచేయించే ఫైళ్లు. కొత్తవాళ్లంతా మొదటి దాని మీదే నెలల తరబడి కూర్చుంటారు. మీరు అలా చెయ్యకండి. ఒక గొట్టం, రెండు పలకలు, వెనక ఒక చిన్న తోక, అంతే. ఆ వికారమైన బొమ్మనే ఎక్స్‌పోర్ట్ చేసి సిమ్యులేటర్‌లో తెరిచి, రన్‌వే మీద నిలబెట్టి, గాలిలోకి లేపండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు బొమ్మ తిరగబడటం, వందరెట్లు పెద్దదైపోవడం, అసలు కనిపించకపోవడం అందరికీ జరిగేవే. ఆ చిక్కులు నాలుగు పలకల బొమ్మతో ఉన్నప్పుడు తీర్చుకోవడం సులువు, నలభైవేల ముఖాల (బొమ్మని కూర్చే చిన్న చిన్న పలకల) బొమ్మతో ఉన్నప్పుడు నరకం. అది ఎగిరాక ఒక్కో భాగాన్నీ తీసేసి బాగున్నది పెట్టుకుంటూ పోండి. ఏ రోజు ఆపినా మీ దగ్గర ఎగిరే విమానం ఒకటి ఉంటుంది.

*ప్రశ్న: మూడు వైపుల డ్రాయింగ్ ఒకటి దొరికింది. పైనుంచి చూసిన బొమ్మకీ పక్కనుంచి చూసిన బొమ్మకీ కిటికీలు కలవడం లేదు. ఫొటోల మీద గీసుకుంటూ పోతే ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. దేన్ని నమ్మాలి?*
*— యంత్రాల కంపెనీలో పనిచేసే పాఠకుడు*

జవాబు: నా ఉద్యోగం మెషిన్ డ్రాయింగ్. కాబట్టి దీని మీద నాకు చాదస్తం ఎక్కువ, జవాబు పొడవైతే క్షమించాలి.

దొరికిన డ్రాయింగ్‌ను ముందు నమ్మకండి, కొలవండి. 172ఎస్ రెక్కల విస్తారం 36 అడుగుల ఒక అంగుళం, అంటే 11 మీటర్లు. పొడవు 8.28 మీటర్లు. డ్రాయింగ్‌లో పైనుంచి చూసిన బొమ్మ తీసుకుని రెక్క కొస నుంచి రెక్క కొసకి ఎన్ని పిక్సెళ్లున్నాయో చూడండి. 2000 ఉంటే, ముక్కు నుంచి తోకకి 1505 దగ్గర రావాలి. 1560 వచ్చిందంటే ఎవరో స్కాన్ చేసేటప్పుడు కాగితం సాగదీశారన్నమాట. అప్పుడు ఆ బొమ్మను ఒక దిశలోనే కుదించి సరిచెయ్యండి. ముందు వైపు, పక్క వైపు బొమ్మలకీ ఇదే పరీక్ష. మూడూ ఒకే స్కేలుకి వచ్చాకే బ్లెండర్‌లో వెనక పెట్టుకోండి. అప్పటికీ కిటికీలు కలవకపోతే గీసినవాడు ఊహించి గీశాడని అర్థం. అక్కడ ఫొటోదే తుది మాట.

ఫొటోలతో చిక్కేమిటంటే, దగ్గర నుంచి తీసిన ఫొటోలో దగ్గరున్న రెక్క పెద్దదిగా, దూరపు రెక్క చిన్నదిగా ఉంటుంది. దాని మీద గీస్తే విమానం వంకర పోక ఏమవుతుంది? బాగా దూరంగా నిలబడి జూమ్ చేసి తీసిన ఫొటోలు ఏరుకోండి. తలుపు చట్రం ఆకారం, ముక్కు కింద గాలి దూరే రంధ్రాలు లాంటి వివరాలకు మాత్రం దగ్గర ఫొటోలే పనికొస్తాయి.

ఇక ఏ మూడు వైపుల డ్రాయింగ్‌లోనూ కంటికి ఆనని సంగతి ఒకటుంది, అది రెక్క మెలి. సెస్నా 172 రెక్క మొదట్లో ఒకటిన్నర డిగ్రీలు పైకి, కొసలో ఒకటిన్నర డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. మొత్తం మూడు డిగ్రీలు. వేగం బాగా తగ్గినప్పుడు రెక్క మొదట్లో ముందు స్టాల్ అయి (గాలి పట్టు తప్పి ఎత్తే బలం పడిపోయి), కొసల దగ్గరున్న ఐలెరాన్లు (విమానాన్ని పక్కకి వాల్చే పలకలు) ఇంకా మాట వినాలని అలా పెట్టారు. కొత్తవాళ్లు ఒక కోత (రెక్కని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం) గీసి కొస దాకా తిన్నగా లాగేస్తారు. చూడటానికి ఏదో లోటుగా ఉంటుంది, ఏమిటో తెలియదు. కోత కూడా మీ ఊహకి వదలక్కర్లేదు, దాని పేరు నాకా 2412. ఆ అంకెల్లోనే కొలతలున్నాయి: రెక్క వెడల్పులో 2 శాతం వంపు, ఆ వంపు ముందంచు నుంచి 40 శాతం దూరంలో, అత్యధిక మందం 12 శాతం. ఈ మెలిని బొమ్మలోనూ పెట్టాలి, ఫ్లైట్ మోడల్‌లోనూ రాయాలి.

కదిలే భాగాల కోణాలు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ప్రచురించే టైప్ సర్టిఫికెట్ పత్రంలో ఉంటాయి. 172కి దాని నంబరు 3ఏ12. ఐలెరాన్ పైకి 20 డిగ్రీలు, కిందికి 15. రెండూ సమానం కావెందుకంటే, కిందికి దిగిన ఐలెరాన్ గాలికి ఎక్కువ అడ్డుపడి ముక్కుని తిరగాల్సిన వైపు కాక ఎదురు వైపుకి లాగుతుంది, అది తగ్గించడానికి. మీ మోడల్‌లో రెండు వైపులా 20 పెట్టినా ఎవరూ అడగరు. తెలిసినవాడి కన్ను మాత్రం అక్కడే ఆగుతుంది.

*ప్రశ్న: మేడమ్/సార్, నా విమానంలో స్టిక్ కదిపితే ఐలెరాన్ ఊడి విమానం చుట్టూ తిరుగుతోంది. పైగా కుడి రెక్క ఒక వైపు నుంచి చూస్తే మాయమవుతోంది. రెండు రోజులుగా టెన్షన్.*
*— కొత్తగా నేర్చుకుంటున్న పాఠకురాలు*

జవాబు: టెన్షన్ వద్దమ్మా, రెండూ చిన్నవే. (సార్‌నే లెండి.)

మీ ఐలెరాన్ కీలు ఇంకా విమానం మధ్యలోనే ఉంది. తలుపుని గోడకి కాక గది నడుమ ఒక స్తంభానికి బిగిస్తే ఎలా తిరుగుతుందో అలా తిరుగుతోంది. బ్లెండర్‌లో ఎడిట్ మోడ్‌లోకి వెళ్లి కీలు గీత అంచుని ఎంచుకుని, కర్సర్‌ను అక్కడికి తెచ్చి, ఆబ్జెక్ట్ మోడ్‌కి తిరిగొచ్చి ఆరిజిన్‌ను (వస్తువు తిరిగే కేంద్రాన్ని) కర్సర్ దగ్గర పెట్టండి. అంతటితో అయిపోలేదు. 172లో రెక్క బయటి భాగం సన్నబడుతుంది, ఐలెరాన్ ఉండేది అక్కడే. కాబట్టి కీలు గీత కాస్త ఏటవాలుగా ఉంటుంది, తిరిగే అక్షం కూడా అదే ఏటవాలులో ఉండాలి. లేకపోతే ఐలెరాన్ ఒక కొస రెక్కలోకి దిగబడుతుంది. ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్‌లో అయితే ఆ గీత రెండు కొసల స్థానాలూ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో (మామూలు టెక్స్ట్ ఫైలే) మీటర్లలో రాయవచ్చు.

మాయమయ్యే రెక్క సంగతి: ఎడమ రెక్కని మైనస్ స్కేలుతో తిప్పి కుడి రెక్క చేసి ఉంటారు. దాని ముఖాలు లోపలికి తిరిగాయి, సిమ్యులేటర్ ముఖం వెనక వైపు గీయదు. స్కేల్ అప్లై చేసి, నార్మల్స్‌ను (ముఖం ఎటు చూస్తోందో చెప్పే గీతల్ని) బయటికి తిప్పండి. ప్రతి ఎక్స్‌పోర్ట్‌కి ముందూ ఈ రెండూ చూసుకోవడం అలవాటు చేసుకోండి.

*ప్రశ్న: నా 172ఎస్ చూడటానికి అచ్చం అసలుదానిలా ఉంది. కానీ వేగం అందుకోగానే ముక్కు తనంతట తనే ఆకాశంలోకి లేచిపోయి వెనక్కి పల్టీ కొడుతుంది. స్టిక్ ముందుకి తోసినా ఆగదు. ఫ్లైట్ మోడల్‌లో కనిపించిన అంకెలన్నీ మార్చి చూశాను.*
*— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి*

జవాబు: అన్నీ మార్చారు కాబట్టే ఇప్పుడు ఏది తప్పో తేలడం లేదు. మొదటి ఫైల్ మిగిలి ఉంటే దానికి తిరిగి వెళ్లండి.

నా అనుమానం గరిమనాభి మీద, అంటే విమానం బరువంతా తూగే బిందువు మీద. 172ఎస్ మాన్యువల్‌లో దూరాలన్నీ ఇంజను వెనకున్న ఫైర్‌వాల్ నుంచి అంగుళాల్లో కొలుస్తారు. నిండు బరువు 2,550 పౌండ్ల దగ్గర గరిమనాభి 41 నుంచి 47.3 అంగుళాల మధ్య ఉండాలి. చూశారా, పైలట్‌కి ఇచ్చిన చోటు 16 సెంటీమీటర్లే. మీ మోడల్‌లో సున్నా ఎక్కడుంది? రెక్క ముందంచు దగ్గర పెట్టుకుని, మాన్యువల్‌లో చూసిన 43ని అలాగే రాసేసి ఉంటే గరిమనాభి బాగా వెనక్కి పోయింది. తోక బరువెక్కిన విమానం ముక్కు లేపడం మొదలుపెడితే ఇక ఆగదు. రన్‌వే మీద నిలబెట్టగానే తోక కూలబడుతోందేమో కూడా చూడండి, అలా ఉంటే అనుమానం ఖాయమే. అంగుళాలు అడిగిన చోట అడుగులు, పౌండ్లు అడిగిన చోట కిలోలు రాశారేమో అదీ చూడాలి.

ఏ సిమ్యులేటర్ కోసమో మీరు రాయలేదు. ఎక్స్‌ప్లేన్ అయితే దాంతోపాటే వచ్చే ప్లేన్ మేకర్‌లో మీరిచ్చిన ఆకారాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుని ఒక్కో ముక్క మీద గాలి బలం లెక్కేస్తుంది. అక్కడ రెక్క, తోక కొలతలు తప్పితే ఎగరడమూ తప్పుతుంది. ఫ్లైట్‌గేర్‌లో రెండు దారులున్నాయి. యాసిమ్‌కి ఆకారంతోపాటు దిగే వేగం, క్రూజ్ వేగం (నిలకడగా సాగే వేగం) చెబితే వాటికి తగ్గ లిఫ్ట్ (ఎత్తే బలం), డ్రాగ్ (గాలి అడ్డు) తనే వెతుక్కుంటుంది. జేఎస్‌బీసిమ్‌కి ఆ పట్టికలన్నీ మీరే ఇవ్వాలి. కొత్తవాళ్లకి నేను యాసిమ్ చెబుతాను. మైక్రోసాఫ్ట్ 2020 సిమ్యులేటర్‌లో ఇవి ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది.

పల్టీ ఆగాక, ఒక్కసారికి ఒక్క అంకె మార్చి ఎగరండి. మార్చినదీ, జరిగినదీ నోట్‌బుక్‌లో రాయండి. పోల్చడానికి అసలు విమానం అంకెలివి: నిండు బరువుతో సముద్ర మట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది. 8,500 అడుగుల ఎత్తులో 75 శాతం పవర్‌తో 124 నాట్లు (గంటకి అన్ని నాటికల్ మైళ్లు) పోతుంది. వేగం మీటరు మీద ఆకుపచ్చ చాపం 48 నాట్ల దగ్గర మొదలవుతుంది, అంటే ఫ్లాప్‌లు లేకుండా స్టాల్ అయ్యేది అక్కడ. ఫ్లాప్‌లన్నీ దించితే తెల్ల చాపం మొదలు, 40. ముందు స్టాల్, తర్వాత క్రూజ్, చివర్లో ఎక్కే వేగం, ఈ వరసలో సరిచేసుకోండి.

*ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇది నేర్చుకుంటానంటోంది. ప్రోగ్రామింగ్ రావాలా? ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్. ఖర్చు ఎక్కువవుతుందా?*
*— ఒక తండ్రి*

జవాబు: బ్లెండర్ ఉచితం, ఫ్లైట్‌గేర్ ఉచితం. పాత మెషిన్ అయితే వాటి పాత వెర్షన్లు పెట్టుకోండి, నేర్చుకోవడానికి ఏ లోటూ ఉండదు. మొదట్లో ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఒక అంకె మార్చి ఏం జరిగిందో చూసే కుతూహలం ఉంటే చాలు. అక్షాలు, కోణాలు ఆమె చదివే లెక్కల్లోనే ఉన్నాయి. పాత కంప్యూటర్ వల్ల ఒక మేలు కూడా ఉంది: అనవసరమైన ముఖాలు పెడితే అది వెంటనే మొరాయిస్తుంది, పొదుపుగా గీయడం అలవాటవుతుంది. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కి ఒక పారదర్శకమైన గుండ్రటి పలక సరిపోతుందని ఆ పిల్ల తొందరగానే కనిపెడుతుంది, చూడండి.

*ప్రశ్న: వేరేవాళ్ల మోడల్ నుంచి కాక్‌పిట్ తీసుకుని నా దాంట్లో పెట్టుకోవచ్చా?*
*— పేరు రాయని పాఠకుడు*

జవాబు: దాంతో వచ్చిన లైసెన్స్ ఫైల్ తెరిచి చదవండి. ఫ్లైట్‌గేర్‌తో వచ్చే విమానాల్లో చాలావాటికి జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉంది. అలాంటివాటి నుంచి తీసుకోవచ్చు. కానీ మీది పంచిపెట్టేటప్పుడు అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, అసలు చేసినవాళ్ల పేర్లు ఉంచాలి. డబ్బు పెట్టి కొన్న మోడళ్లలోంచి తీసి పెట్టుకోవడం మాత్రం కుదరదు. లైసెన్స్ ఏమీ లేకపోతే ‘తీసుకోవచ్చు’ అని కాదు, చేసినవాళ్లని అడగాలని. నన్నడిగితే, ముల్లుల మీటర్లున్న పాత తరహా 172 కాక్‌పిట్‌లో ముఖ్యమైనవి ఆరే. వేగం, ఎత్తు, హొరైజన్, దిక్కు, మలుపు, ఎక్కే వేగం. వేగం మీటరు ఒక్కటి మీరే గీసి ముల్లు తిప్పి చూడండి, మిగతా ఐదింటికి ఎవరి ఫైలూ వెతకాల్సిన పని ఉండదు.