ఆరు ఎడిటర్లు వద్దు, ఒక్కదానితో ఒక్క వీడియో పూర్తి చేయండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా చిన్నాన్నకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు ఇక్కడా తీస్తాం, అటు పాతపట్నం, టెక్కలి వైపూ తీస్తాం. ఇన్నాళ్లూ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్‌తోనే ఎడిటింగ్ జరిగింది. మొన్న దాంతోపాటు వైరస్ కూడా వచ్చి కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది. ఇక ఎడిటింగ్ నేను నేర్చుకుంటానని చెప్పాను. ఓపెన్ సోర్స్‌వి (లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఎడిటర్లు) ఐదారు దించి చూశాను కానీ ఒక్కోటి ఒక్కో రకంగా ఉంది. వీడియో ఆగి ఆగి ఆడుతోంది, ఫోన్‌లో తీసిన క్లిప్పుల్లో మాటకీ పెదవులకీ పొంతన ఉండట్లేదు. పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ వేయాలి. ల్యాప్‌టాప్ ర్యామ్ 8 జీబీ. మాఘంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, టెన్షన్‌గా ఉంది. ఏది వాడమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: షాట్‌కట్ అనే ఎడిటర్ ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ తీసేయండమ్మా. కేడెన్‌లైవ్ కూడా మంచిదే, 2002 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు, అందులో సదుపాయాలు ఎక్కువ. కానీ ఈ రెండూ లోపల ఎంఎల్‌టీ అనే ఒకే ఇంజిన్ మీద నడుస్తాయి కాబట్టి ఒకటి చేతికి అలవాటైతే రెండోది నేర్చుకోవడం పెద్ద పని కాదు. కొత్తవాళ్లకు తెర మీద గజిబిజి తక్కువగా ఉండేది షాట్‌కట్‌లోనే అని నా అభిప్రాయం. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటర్ ఉచితంగా దొరుకుతుందని ఎవరైనా చెప్పొచ్చు. ఉచితమే, కానీ అది ఓపెన్ సోర్స్ కాదు, పైగా మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మీ ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు.

మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చినవి కావు, క్లిప్పుల వల్ల వచ్చినవి. అందుకే ఎన్ని ఎడిటర్లు మార్చినా అవే మళ్లీ ఎదురయ్యాయి.

ఆగి ఆగి ఆడటానికి కారణం ఎక్కువగా వీడియోని బాగా కుదించి దాచే హెచ్.265 ఫార్మాట్. ఫోన్లలో స్థలం కలిసి రావడానికి దాన్ని పెడతారు, ఫైలు చిన్నదవుతుంది కానీ దాన్ని విప్పి చూపించడానికి పాత ప్రాసెసర్‌కి ఊపిరాడదు. తీసేటప్పుడే ఫోన్ కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి హెచ్.264 పెట్టుకోండి. ఇప్పటికే తీసేసిన వాటికైతే షాట్‌కట్ సెట్టింగ్స్ మెనూలో ప్రాక్సీ ఆన్ చేయండి. ప్రతి క్లిప్‌కీ తక్కువ సైజులో ఒక నకలు తయారుచేసి, మీరు కోసేటప్పుడు దాన్ని చూపిస్తుంది, చివర్లో పూర్తయిన వీడియోని ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మాత్రం అసలు ఫైలునే తీసుకుంటుంది, కాబట్టి క్వాలిటీ పోతుందన్న భయం అక్కర్లేదు. నకళ్లు తయారవడానికి కాస్త సమయం పడుతుంది, రాత్రి పెట్టి వదిలేస్తే సరి.

పెదవులు కలవకపోవడం వేరే గొడవ. కెమెరా సెకనుకు ఇన్ని ఫ్రేములని, అంటే ఇన్ని బొమ్మలని, ఒకే లెక్కన తీస్తుంది, ఫోన్ అలా కాదు, వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గిస్తుంది, మండపంలో లైటు పెరగ్గానే మళ్లీ పెంచుతుంది. ధ్వని మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి క్లిప్ పొడవయ్యేకొద్దీ రెండూ దూరమవుతాయి. అలాంటి క్లిప్ తెరిచినప్పుడు షాట్‌కట్ తనే, ఎడిటింగ్‌కి వీలుగా మార్చమంటారా అని అడుగుతుంది. చాలామంది ఆ పెట్టె ఏమిటో చదవకుండా క్యాన్సిల్ కొట్టేస్తారు. అక్కడ ‘గుడ్’ ఎంచుకుని ఓకే ఇవ్వండి, దానికంటే పై స్థాయివి హార్డ్ డిస్క్‌ని చాలా తినేస్తాయి.

ఇంకొకటి, బంధువులు వాట్సాప్‌లో పంపిన వీడియో బాగా నలిగిపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. అలాగే క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్ మీద మొదట కెమెరా క్లిప్పే పెట్టండి, ఎందుకంటే ఆటోమేటిక్ మోడ్‌లో షాట్‌కట్ మొదటి క్లిప్‌ని చూసే ప్రాజెక్టు తెర సైజు నిర్ణయించుకుంటుంది.

ప్రాజెక్టు ఫైలులో మీ వీడియో ఉండదు, ఏ క్లిప్ ఎక్కడుంది, ఎక్కడ కోశారు అన్న వివరాలే ఉంటాయి. ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే క్లిప్పులు దొరకవు. అందుకని ఒక్కో పెళ్లికి ఒక్కో ఫోల్డర్ తీసి, కెమెరా ఫైళ్లు, ఫోన్ ఫైళ్లు, పాటలు, ఫోటోలు అన్నీ ముందే అందులో పడేసి, తర్వాతే కోత మొదలుపెట్టండి. పని మధ్యలో వాటి పేర్లు మార్చకండి. క్రాక్ సాఫ్ట్‌వేర్‌తో పోయినట్టు మళ్లీ పోకుండా ఆ ఫోల్డర్‌కి బయటి డిస్క్‌లో ఒక కాపీ తప్పనిసరి.

ఇక అక్షరాలు. డీటీపీ వాళ్లు శుభలేఖకి వాడే అను ఫాంట్లలోని తెలుగు ఇక్కడికి తెచ్చి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లోనే టైప్ చేయాలి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. గిడుగు పేరుతో ఉన్న ఫాంటైతే మీకు మరీ దగ్గరిది, మీ ఊళ్లోనే పాఠాలు చెప్పి వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరు అది. ఒడియాకి నోటో సాన్స్ ఒరియా సరిపోతుంది. ఏ ఫాంటైనా ముందు ‘లక్ష్మీ’, ‘జ్యోత్స్న’ అని రాసి చూడండి, ఒత్తులు విడిపోకుండా నిలిస్తేనే పెళ్లికూతురి పేరు దాంతో వేయండి. ఆ పేరు తప్పుగా పడితే ఆ ఇంటివాళ్లు జన్మలో మరిచిపోరు!

మొదటి ప్రయత్నంగా మొత్తం పెళ్లి పెట్టుకోకండి. మంగళస్నానాల ఘట్టం ఒక్కటి తీసుకోండి. కోయాల్సిన చోట ‘ఎస్’ కీ నొక్కితే క్లిప్ రెండవుతుంది, అక్కర్లేని ముక్క ఎంచుకుని ‘ఎక్స్’ నొక్కితే అది పోయి వెనకది ముందుకి జరుగుతుంది. ఈ రెండు కీలతో సగం పని అయిపోతుంది. పేరు వేయండి, సన్నాయి ధ్వని ఎక్కువైతే తగ్గించండి, హెచ్.264లో ఎక్స్‌పోర్ట్ చేసి ఇంట్లో టీవీ మీద అందరితో కలిసి చూడండి. ఎఫెక్టుల జోలికి అప్పటిదాకా వెళ్లొద్దు.

ప్రశ్న: మాది సిరొంచ. ఇలాంటి ఉచిత ఎడిటర్‌తో చేసిన వీడియోకి డబ్బు తీసుకోవచ్చా? తర్వాత ఎవరైనా కేసు వేస్తారా?

జవాబు: నిశ్చింతగా తీసుకోండి. షాట్‌కట్, కేడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ మూడూ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉన్నాయి, వాటితో వ్యాపారం చేసుకోవద్దని ఆ లైసెన్సు ఎక్కడా అనదు, తయారైన వీడియో మీదే. వాటర్‌మార్క్ కూడా పడదు. జాగ్రత్త పడాల్సింది పాటల విషయంలో. సినిమా పాట వెనక పెట్టి యూట్యూబ్‌లో ఎక్కిస్తే హక్కుదారులు అడ్డు చెప్పొచ్చు, దానికీ ఎడిటర్‌కీ సంబంధం లేదు.

ప్రశ్న: రాయగడలో మా బడి వార్షికోత్సవం రెండు గంటల వీడియో ఉంది. పిల్లల డాన్సులు విడివిడిగా కోసి తల్లిదండ్రులకి పంపాలి, అంతే. దీనికి కూడా ఇదంతా నేర్చుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. లాస్‌లెస్‌కట్ అని ఇంకో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది. వీడియోని మళ్లీ తయారుచేయకుండా ఉన్నదాన్నే ముక్కలు చేస్తుంది కాబట్టి చకచకా అయిపోతుంది, క్వాలిటీ పోదు. కోత మాత్రం మీరు అనుకున్న ఫ్రేము దగ్గరే కాకుండా దానికి కాస్త ముందున్న కీఫ్రేము (వీడియోలో అక్కడక్కడా పూర్తి బొమ్మగా దాచిన ఫ్రేము) దగ్గర పడొచ్చు. అందుకే కోత డాన్సు మొదలయ్యే క్షణంలో పెట్టకుండా, దానికి ముందు వచ్చే చప్పట్లలో పెట్టండి.