రైబోజోమ్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరంలో ఉంది. రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే ఒక శాస్త్రవేత్త లెక్చర్ విన్నప్పటి నుంచి తానూ అదే చేస్తానని పట్టుబట్టింది. కంటికి కనిపించని ఒక రేణువు కోసం అన్నేళ్లు పెట్టడమేమిటో మాకు అంతుపట్టడం లేదు. ఇంత చిన్న విషయం పట్టుకుంటే రేపు ఉద్యోగం వస్తుందా? – ఒక తల్లి

జవాబు: మీ టెన్షన్ అర్థమవుతోందమ్మా. అయితే ‘చిన్న విషయం’ అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. కణంలో ప్రోటీన్లన్నీ తయారయ్యేది రైబోజోమ్‌లోనే. మీ అమ్మాయి అంటున్న రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏకు చుట్టం లాంటి అణువు) అందులో ఒక భాగం. బ్యాక్టీరియాలో ఒక్కో రైబోజోమ్ సెకనుకు సుమారు 20 అమైనో ఆమ్లాలను, అంటే ప్రోటీన్ల ఇటుకలను, వరసగా అతికించుకుంటూ పోతుంది. డాక్టర్లు రాసే అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్, ఒకప్పుడు క్షయకు తొలి మందుగా వచ్చిన స్ట్రెప్టోమైసిన్ పనిచేసేది బ్యాక్టీరియా రైబోజోమ్ మీదే. వాటికి లొంగని బ్యాక్టీరియా పెరుగుతున్నకొద్దీ ఈ రేణువు గురించి తెలిసినవాళ్ల అవసరమూ పెరుగుతుంది. ఇంకో సంగతి. మట్టిలోనో మన పేగుల్లోనో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చడానికి ఇవాళ ఎక్కువగా చదివేది 16ఎస్ అనే రకం రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువునే. అందులో ఉండేవి దాదాపు 1,500 జన్యు అక్షరాలు. 1977లో కార్ల్ వోస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆ ఆర్‌ఎన్‌ఏలను పోల్చి చూసే, ఆర్కియా అనే జీవుల గుంపు బ్యాక్టీరియాకు వేరని చెప్పగలిగారు.

కాబట్టి నన్ను ఆలోచనలో పెట్టేది సబ్జెక్టు కాదు, ఓపిక. ఈ రంగం చరిత్రే అలాంటిది. రైబోజోమ్ బరువులో, బ్యాక్టీరియాలోనైతే, మూడింట రెండు వంతులు ఆర్‌ఎన్‌ఏ, మిగతాది ప్రోటీన్. అసలు పని చేసేది ప్రోటీనే, ఆర్‌ఎన్‌ఏ ఊరికే దన్నుగా ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. కాదేమో, ఆర్‌ఎన్‌ఏదే ముఖ్య పాత్రేమోనని హ్యారీ నోలర్ అనే అమెరికా శాస్త్రవేత్తకు 1970ల మొదట్లోనే అనుమానం వచ్చింది. రైబోజోమ్‌లోని ప్రోటీన్లను దాదాపుగా ఊడ్చేసినా అమైనో ఆమ్లాలను అతికించే పని ఆగలేదని ఆయన బృందం చూపించింది 1992లో. యేల్ యూనివర్సిటీలో థామస్ స్టైట్జ్, పీటర్ మూర్ బృందాలు రైబోజోమ్ రెండు ముక్కల్లో పెద్దదాని నిర్మాణాన్ని బయటపెట్టిన 2000లో గానీ సందేహం పూర్తిగా తీరలేదు. అతికే చోటుకు దగ్గర్లో ప్రోటీనే లేదు, ఉన్నదంతా ఆర్‌ఎన్‌ఏ. ఒక అనుమానం తేలడానికి ముప్పై ఏళ్లు దగ్గర దగ్గర! 2009లో నోబెల్ స్టైట్జ్‌కు, అడా యోనత్‌కు, వెంకట్రామన్ రామకృష్ణన్‌కు వచ్చింది. నోలర్‌కు రాలేదు. అది న్యాయమా కాదా అన్నది పక్కన పెడితే, ఈ దారిలోకి వచ్చేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన విషయమిది.

రామకృష్ణన్ కథ మీకు కాస్త ధైర్యమిస్తుంది. ఆయన 1976లో పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్‌లో. ఆ డిగ్రీ చేతిలో పెట్టుకుని జీవశాస్త్రం నేర్చుకోవడానికి మళ్లీ విద్యార్థిగా చేరారు. అంటే ఇరవై ఏళ్లకు ఎంచుకున్న సబ్జెక్టే జీవితాంతం మెడకు చుట్టుకోవాలనేమీ లేదు. మీ అమ్మాయి విషయంలోనూ అంతే.

ఇక ఆమె ఇష్టం లెక్చర్ విన్న ఊపులో పుట్టిందా, పనిలోంచి పుట్టిందా అన్నది ల్యాబ్‌లోనే తేలుతుంది. అక్కడ రోజూ జరిగే పని ఒకటి చెబుతాను. మనిషి కణాల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి జెల్ మీద రన్ చేస్తే, అంటే కరెంటుతో నడిపి సైజుల వారీగా విడదీస్తే, రెండు స్పష్టమైన బ్యాండ్లు (చారలు) కనిపించాలి. పైన 28ఎస్, కింద 18ఎస్ అనే రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏలు. పైది కిందదానికి సుమారు రెట్టింపు వెలగాలి. గ్లౌజుతో తెలియక చెంప తుడుచుకుని అదే చేత్తో ట్యూబు పట్టుకున్నారనుకోండి, చర్మం మీదుండే ఆర్‌ఎన్‌ఏజ్ ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను తునకలు చేసేస్తాయి. బ్యాండ్లు ఉండాల్సిన చోట కిందికి జారిన మసక తప్ప ఏమీ ఉండదు. పొద్దుటి నుంచి చేసిందంతా వృథా. ఆ మసకను చూసి ‘ఎక్కడ తప్పు జరిగింది’ అని నోట్‌బుక్ తెరిచే అమ్మాయైతే నిశ్చింతగా పంపండి. నెలలో నాలుగుసార్లు ఇలా అయ్యేసరికి ఏడుపొచ్చి విసిగిపోతే అదేమీ తప్పు కాదు, కాకపోతే ఆ సంగతి పీహెచ్‌డీ మూడో ఏడాదిలో కన్నా ఇప్పుడే తెలియడం మంచిది.

అందుకని కనీసం ఆరు నెలలు ఏదైనా ఆర్‌ఎన్‌ఏ ల్యాబ్‌లో పనిచేయనివ్వండి. అది రైబోజోమ్ ల్యాబే కానక్కర్లేదు. పక్కనే పైథాన్ ప్రోగ్రామింగ్, కాస్త స్టాటిస్టిక్స్ నేర్చుకోమనండి. సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాలను వరసగా చదవడం) డేటానైనా, క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ (గడ్డకట్టించిన అణువులను ఎలక్ట్రాన్లతో ఫొటో తీయడం) బొమ్మలనైనా విడమరిచి చూడాలంటే కంప్యూటర్ తప్పదు. ఉద్యోగం సంగతి దాచకుండా చెబుతున్నాను: పీహెచ్‌డీ చేసినవాళ్లందరికీ సరిపడా ప్రొఫెసర్ పోస్టులు ఎక్కడా లేవు. ఆ ఒక్క కుర్చీ కోసమే వెళ్తానంటే నేను వద్దనే చెబుతాను. ఆర్‌ఎన్‌ఏ పనితనం చేతికి వచ్చాక డయాగ్నస్టిక్స్, సీక్వెన్సింగ్, యాంటీబయాటిక్స్, ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల కంపెనీల వైపూ వెళ్లొచ్చు. టీకాలోని ఎంఆర్‌ఎన్‌ఏను, అంటే ప్రోటీన్ తయారీ సూచనలను, చదవాల్సింది కూడా రైబోజోమే కదా.

పీహెచ్‌డీ వరకూ వస్తే టాపిక్ కన్నా ముందు గైడ్‌ను చూసుకోవాలి. ఆ ల్యాబ్ నుంచి బయటికి వచ్చినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఎన్నేళ్లలో పూర్తిచేశారు, ఫెలోషిప్ నెలనెలా అందిందా అని పాత విద్యార్థులనే అడగాలి. గైడ్‌ను కాదు.

ఈలోగా మీరొక పని చేయొచ్చు. బ్యాక్టీరియా రైబోజోమ్‌లో 30ఎస్, 50ఎస్ ముక్కలు కలిస్తే 80 రావాలి కదా, 70ఎస్ అంటారేంటి అని అమ్మాయిని అడగండి. ఎస్ అన్నది బరువు కాదు, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎంత వేగంగా కిందికి దిగుతుందో తెలిపే కొలత. ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది కాబట్టి కూడితే సరిపోదు. ఇది ఆమె మీకు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెబుతుందా, ‘నీకు అర్థం కాదులే అమ్మా’ అంటుందా చూడండి. బొమ్మ గీస్తే మరుసటి రోజే ల్యాబ్‌లకు మెయిల్ పెట్టమనండి. చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం లాంటి వాక్యాలు వద్దు. ఆ ల్యాబ్ వాళ్ల పేపర్ ఒకటి చదివి, తనకు అర్థం కాని ఒక్క ప్రశ్న రాస్తే చాలు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఇంకోసారి పెట్టమనండి.